గాంధీ రోడ్డులో ఎలక్ట్రాను నడక

నాయనా,

ఆశీస్సులు. తిరుపతి వీధుల్లో నడుస్తా క్వాంటం ఫిజిక్స్ ఊహించుకోవాలని ఉందని రాసినావే, ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నా. నలభై ఏండ్లు ఈ పాఠమే చెప్పినోడికి ఇంతకన్నా ఏం కావాల?

సందులకు తర్వాత పోదువు, ముందు గ్రౌండుకు పో. 200 అంగల దూరంలో రెండు రాళ్ళు పెట్టి తిన్నగా నడువు. మళ్ళీ, సగం దూరంలో 10 అంగలు పక్కకు ఇంకో రాయి పెట్టి దాని మీదుగా నడువు. ఎక్కువయ్యేది ఒక్క అంగే. ఆ రాయిని 50 అంగల పక్కకు జరుపు, తర్వాత 60కి. ఈ రెండు దార్లకే దాదాపు పది అంగల తేడా వస్తుంది. కాళ్ళతో లెక్కపెట్టు, కాగితం మీద వద్దు.

1948లో అమెరికా ఫిజిక్స్ శాస్త్రవేత్త ఫైన్‌మన్ చెప్పిన దాంట్లో కీలకం ఇదే. ఎలక్ట్రానుకు వీలున్న దార్లన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక్కో దారికీ, దాని పొడుగును బట్టి, ఒక గడియారం ముల్లు తిరుగుతా ఉందనుకో. తిన్నని దారి చుట్టుపక్కల ముళ్ళన్నీ ఇంచుమించు ఒకే దిక్కు చూసి బలపడతాయి. చుట్టుదార్ల ముళ్ళు తలా ఒక దిక్కు చూసి కొట్టేసుకుంటాయి. అసలు లెక్కలో అంగల బదులు యాక్షన్ (కదలిక శక్తిలోంచి స్థితిశక్తి తీసేసి, దారి పొడుగునా క్షణక్షణం కూడిన మొత్తం) ఉంటుంది, అది మరవొద్దు.

ఇంక తెల్లారుజామున గాంధీ రోడ్డుకు పో. అంగళ్ళ ముందర నీళ్ళు చల్లి ఉంటారు. ఆ తడిలో నడిచి గోవిందరాజస్వామి గోపురం దిక్కు పోతావుంటే నీ చెప్పుల అచ్చులు వెనకాలే పడతాయి. ఒక్కసారి నిలబడి వాటిని చూడు. ఏ సందులోనుంచి వచ్చినావో నేలే చెప్తుంది, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా. ఎలక్ట్రాన్లను రెండు సన్నని చీలికల గుండా పంపితే ఎదుటి తెరమీద చారలు పడతాయి, అదే రెండు చీలికల ప్రయోగం. దాంట్లోనూ అంతే. ఎలక్ట్రాను ఏ చీలికలో పోయిందో ఎక్కడన్నా గుర్తు మిగిలితే చాలు, తెరమీద చారలు పోతాయి. మనిషి కన్ను అక్కర్లేదు. నేను చేరిన కొత్తలో "మనం చూస్తే ఎలక్ట్రానుకు తెలిసిపోతుంది" అని పిల్లకాయలకు చెప్పినాను. ఆ తప్పు ఇప్పటికీ బాధ పెడుతుంది. నువ్వు ఆ మాట అనొద్దు.

నువ్వే రెండు సందుల్లో ఒకేసారి పోతున్నట్టు కూడా అనుకోవద్దు. 60 కిలోల మనిషి సెకనుకు మీటరు నడిస్తే, డీబ్రోలీ తరంగదైర్ఘ్యం (కదిలే ప్రతిదానికీ ఉండే అల పొడుగు) మీటర్లలో సున్నా, చుక్క, ఆపైన 34 సున్నాలు, అప్పుడు 11. అంత చిన్న అలతో చారలు కనపడవు. ఊహలో ఎలక్ట్రాను వెంట నడువు, అది చాలు.

పాత చెప్పులేసుకో, తడినేల జారుతుంది. గ్రౌండులో 50కీ 60కీ నీకెన్ని అంగలు తేడా వచ్చిందో రాయి.

తాత