నలుగురు వెళ్తున్నారు కదా

బరంపురం

చిరంజీవి చిన్నిని మామయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న పర్లాకిమిడి నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, అది ఫ్రెండ్స్‌తో బ్యాంకాక్ వెళ్తుందట. నాలుగు రోజులు. నువ్వైనా కాస్త చెప్పు" అంది. కాస్త చెప్పడమంటే వద్దనడమా, జాగ్రత్తలు చెప్పడమా అని అడిగితే "రెండూ" అంది. వద్దనడం నావల్ల కాదు. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లోనే ఎదురింటాయనకీ, పాలవాడికీ, ఇస్త్రీ బట్టలు తెచ్చిన కుర్రాడికీ మా మేనకోడలు విమానమెక్కి విదేశం పోతోందని చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో రాస్తే నువ్వు బొటనవేలి బొమ్మొకటి పెట్టి ఊరుకుంటావు, అందుకే కాగితం తీశాను.

మామూలు సంగతులు ముందే కానిచ్చేస్తాను. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు గడువుండాలి. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి, ఎవరో చెప్పారని కాకుండా ఎంబసీ సైట్‌లో నువ్వే చూసుకో. 2025 మే నుంచి థాయిలాండ్ వాళ్లు డిజిటల్ అరైవల్ కార్డు పెట్టారు. దిగే రోజుకి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి పైసా ఇవ్వక్కర్లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది దొంగ సైటే. ఎయిర్‌పోర్టులో కొద్దిగానే డబ్బు మార్చు, ఊళ్లో రేటు మెరుగ్గా ఉంటుంది. టూరిస్ట్ పోలీసు నంబరు 1155, ఫోన్లోనే కాక చీటీ మీద కూడా రాసుకో. స్కూటీ అద్దెకి తీసుకోకండి. ఎందుకని అడక్కు, వద్దంతే.

అక్కడ రాజుగారి గురించి నోరు జారకండి, వేళాకోళానికి కూడా. మూడేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా జైల్లో పెట్టే చట్టముంది. నోట్ల మీద రాజుగారి బొమ్మ ఉంటుంది, గాలికి నోటు ఎగిరిపోతుంటే కాలితో తొక్కి ఆపేవు. మనకి ఎలాగూ డబ్బుని కాలితో తాకితే కళ్లకద్దుకునే అలవాటుంది కాబట్టి నీ గురించి బెంగ లేదు.

అసలు బెంగ వేరు. చెబితే నవ్వుతావు. నువ్వు బ్యాంకాక్ అంటుంటే నాకు రంగం అని వినిపిస్తోంది. మన పెద్దవాళ్లు రంగూన్‌ని అలాగే అనేవారు. గోపాల్‌పూర్ నుంచి స్టీమరెక్కి ఈ గంజాం జిల్లా వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు ఎంతమంది కూలికి పోయారో. 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడ్డప్పుడు అడవుల్లో నడిచి వచ్చినవాళ్లున్నారు, రానివాళ్లూ ఉన్నారు. మా చిన్నప్పుడు సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వస్తే మా నాయనమ్మ "రంగం పోయావనుకున్నాను" అనేది. ఇప్పుడు పేపర్లో చూస్తే మళ్లీ అదే దారి. ఉద్యోగమని బ్యాంకాక్ రప్పించి, సరిహద్దు దాటించి బర్మా వైపు మ్యావడీలో సైబర్ మోసాల పనికి కూర్చోబెడుతున్నారు. మన పిల్లలు అక్కడ చిక్కుకుంటే ఎంబసీ వాళ్లు విడిపించి తీసుకొచ్చారు. మీరు షికారుకే వెళ్తున్నారు, నాకు తెలుసు. అయినా అక్కడ ఎవరైనా తెలుగులోనో హిందీలోనో మాట కలిపి, పార్ట్ టైమ్ పని, డేటా ఎంట్రీ, మంచి జీతం అన్నారంటే నమస్కారం పెట్టి లేచి వచ్చెయ్యి. అక్కడ మన భాష వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది చూడు, అలాంటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఇక నేను రాయాలనుకున్నది ఇంకోటుంది. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

నేనూ ఒకసారి విదేశం వెళ్లాను. 1983 వేసవిలో, డిగ్రీ చదివేటప్పుడు, నలుగురం ఖాట్మండు వెళ్లాం. పాస్‌పోర్టు అక్కర్లేని విదేశం అదొక్కటే మాకు దొరికింది. బరంపురంలో మెయిలెక్కి హౌరా, అక్కణ్నుంచి రైళ్లు మారి రక్సౌల్, గుర్రబ్బండి మీద సరిహద్దు దాటి బీర్‌గంజ్, ఆపైన పగలంతా కొండ మలుపుల్లో బస్సు. అప్పట్లో నేపాల్ గడియారం మనకంటే పది నిమిషాలు ముందుండేది, పదిహేను చేసింది తర్వాత. బీర్‌గంజ్‌లో దిగగానే నలుగురం పెద్ద పని చేస్తున్నట్టు వాచీలు పది నిమిషాలు ముందుకి తిప్పుకున్నాం. ఆ రోజుల్లో ఖాట్మండు వెళ్లేవాళ్లంతా న్యూ రోడ్డులో ఫారిన్ వాచీ కొనుక్కుని రావడానికే వెళ్లేవారు. మా దగ్గర అంత లేదు, అద్దాల్లోంచి చూడ్డానికే వెళ్లాం.

ఖజాంచీని నేను. తలా మూడొందలు ముందే వసూలు చేశాను. మాలో ఒకడు పట్టు నేసేవాళ్ల అబ్బాయి. పేరు రాయను. వాళ్ల నాన్న మగ్గం గుంటలో కూర్చుని బరంపురం పట్టు నేసేవారు, గుడిగోపురాల అంచు వేస్తుంటే నేను గంటలకొద్దీ చూసేవాణ్ని. వీడు ఇంటర్ పాసైనప్పుడు ఆయన హెచ్‌ఎంటీ వాచీ కొనిచ్చారు. ఆ మూడొందలు వాడెలా తెచ్చాడో ఆలోచించే బుద్ధి నాకప్పుడు లేదు.

రెండో రోజుకే డబ్బు పల్చబడింది. నేనేమో నగర్‌కోట్ కొండ మీద సూర్యోదయం చూసి తీరాలని పట్టుబట్టాను. టాక్సీ కావాలి, తలా ఇంకో యాభై వెయ్యమన్నాను. ఇద్దరు తీసిచ్చారు. వాడు "మీరు వెళ్లి రండ్రా, నాకు తలనొప్పిగా ఉంది" అన్నాడు. ఆ పూట భోజనం కూడా మానేశాడు, ఆకలి లేదట. నేను ఊరుకుంటే పోయేది. మిగతా ఇద్దరి ముందు "పోగులు లెక్కపెట్టే బుద్ధి పోదురా నీకు" అన్నాను. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు.

సాయంత్రం వాడు ఒక్కడే బయటికి వెళ్లొచ్చి యాభై నా చేతిలో పెట్టాడు. తెల్లవారుజామున నలుగురం కొండెక్కాం. జూన్ నెల, మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. చలికి వణుకుతూ టీ తాగి దిగిపోయాం.

తిరుగు ప్రయాణంలో వాచీలు వెనక్కి తిప్పుకోవాలి కదా. రక్సౌల్‌లో ముగ్గురం తిప్పుకుంటున్నాం. వాడు ప్లాట్‌ఫామ్ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. మణికట్టు మీద పట్టీ ఉండే చోట తెల్లగా చార. "ఏదిరా?" అంటే "లాడ్జిలో మర్చిపోయినట్టున్నాను" అన్నాడు. అందరూ వాచీ కొనడానికి వెళ్లే ఊళ్లో వీడు వాచీ అమ్మాడని నాకు ఆ క్షణానే తెలిసింది. తెలిసీ "అయ్యో, జాగ్రత్తగా ఉండొద్దూ" అన్నాను. వాడి అబద్ధాన్ని నేను నమ్మినట్టు నటించడం వాడి మర్యాద కోసమని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాదమ్మా, నా యాభై రూపాయల మాట గుర్తు రాకుండా ఉండడానికే.

ఆ తర్వాత మా ఊళ్లో ఠాకురాణీ యాత్ర వచ్చింది, అమ్మవారి జాతర. ఆ జనంలో వాళ్ల నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపారు. "మావాడు వాచీ పోగొట్టుకున్నాడట కదా బాబూ, నువ్వు పక్కనే ఉన్నావు కదా" అన్నారు. "రద్దీలో ఎవరో కొట్టేశారండీ" అన్నాను. లాడ్జి కాస్తా రద్దీ అయింది. ఆయన నమ్మారో లేదో ఇప్పటికీ తెలియదు. ఇప్పుడాయన లేరు. వాడు ఉన్నాడు, వారానికోసారైనా కలుస్తాం, షుగర్ గురించీ మోకాళ్ల గురించీ మాట్లాడుకుంటాం. వాచీ మాట ఎప్పుడూ రాలేదు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మీ నలుగురిలో ఒకమ్మాయి ఎడ్యుకేషన్ లోన్ మీద చదువుతోందని మీ అమ్మ మాటల్లో అంది. ఆ అమ్మాయిని గ్రూపులో అడక్కు, అందరి ముందూ అడక్కు. హాస్టల్ మెట్ల మీద ఇద్దరే ఉన్నప్పుడు "ఎంతలో అయితే నీకు ఇబ్బంది ఉండదు?" అని అడుగు. ఆమె చెప్పిన అంకె మీదే నలుగురి ప్లానూ వెయ్యి. ఆ అంకె నీదేనని మిగతావాళ్లకి చెప్పు. నువ్వు పిసినారివని అనుకోనీ.

లెక్క కూడా చూశాను, మీ అత్తయ్య నవ్వుతున్నా సరే. గ్రాండ్ ప్యాలెస్ టికెట్టే 500 బాత్, మన డబ్బులో ఒక బాత్ రెండున్నర రూపాయల పైమాటే. అది తప్పకుండా చూడండి, ఎందుకంటే లోపల మరకత బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద రామాయణం మొత్తం 178 బొమ్మల్లో గీశారు. భుజాలూ మోకాళ్లూ కప్పుకుని వెళ్లాలి. గేటు దగ్గర ఎవడో వచ్చి "ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, నా టుక్‌టుక్‌లో వేరే చోటికి తీసుకెళ్తా" అంటాడు. అది ఆ ఊళ్లో పాత మోసం, సరాసరి లోపలికి నడిచెయ్యండి. వాట్ ఫో గుడిలో పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. దాన్ని చూసి రేవుకొచ్చి కొద్ది బాత్‌లిచ్చి పడవలో నది దాటితే వాట్ అరుణ్ గుడి. పడవలో అంచున కూర్చోకు, నీకు ఈత రాదు. ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ వద్దు, రైలుంది, ఊళ్లోకి 45 బాత్‌కి మించదు. ఆ ఎయిర్‌పోర్టు పేరే సువర్ణభూమి, లోపల క్షీరసాగర మథనం బొమ్మ పెట్టారు. దాని ముందు నలుగురూ ఫోటో దిగి నాకు పంపాలి. నలుగురూ ఉండాలి, ఒకరు ఫోటో తీస్తూ బయట మిగిలిపోతే ఒప్పుకోను.

అక్కడి టైం మనకంటే గంటన్నర ముందు. నువ్వు రాత్రి పదిన్నరకి రూముకి చేరితే మీ అమ్మకి అప్పుడు తొమ్మిది. ఆ ఫోన్ మాత్రం మానకు, ఒక్క ముక్క చాలు.

విమానం కోసం మీరు విశాఖ నుంచి వచ్చే హౌరా రైలు బరంపురంలో ఆగేది కొద్ది నిమిషాలే. ఏ కోచో ముందే చెప్పు, నేను సరిగ్గా అక్కడ నిలబడతాను. నాతో అత్తయ్య వస్తుంది, అప్పడాలు, పులిహోర, నలుగురికీ నాలుగు పొట్లాలు. ఆ అమ్మాయి ఇంగువ తింటుందో లేదో కనుక్కోమంది. నీ చేతికి ఒక కవరిస్తాను. అది ఉమ్మడి డబ్బులో వేసి, ఎవరైనా అడిగితే టికెట్ల మీద డిస్కౌంట్ వచ్చిందని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య