వేళ్లు ఏ టైముకు దురద పెడుతున్నాయో ముందు అది చూడండి

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయానండి. ఆగస్టులో బర్మింగ్‌హామ్ వచ్చామని, బాబుకు 14 ఏళ్లని, నవంబరు చివరి నుంచి రెండు కాళ్ల వేళ్లూ ఎర్రగా వాచి రాత్రిళ్లు గోక్కుంటూ నిద్రపోవడం లేదని రాశారు. ఫంగల్ క్రీము రెండు వారాలు రాసినా తగ్గలేదు, ఇండియా నుంచి తెచ్చుకున్న ట్యూబు రాయొచ్చా, షుగరేమో, కోవిడేమో అని కూడా అడిగారు. ఐదేళ్ల కిందట మాంచెస్టర్‌లో మా అమ్మాయికి 13 ఏళ్లప్పుడు అచ్చం ఇదే జరిగింది. నేను డాక్టర్ని కాను, చూడకుండా మీ బాబుకు ఫలానా అని చెప్పలేను. మేము పడ్డది, డాక్టర్లు చెప్పగా నేర్చుకున్నది మాత్రం చెప్తాను.

ముందు ఒక్క మాట. ఆ ట్యూబు ఈ రాత్రి రాయకండి. ఎందుకో కింద చెప్తాను.

మాది కాకినాడ. చలి అంటే సంక్రాంతి ముందు తెల్లవారుజామున దుప్పటి ఇంకాస్త లాక్కోవడమే మాకు తెలుసు. ఇక్కడికి వచ్చిన మొదటి డిసెంబరులో పాప స్కూలు నుంచి రాగానే తడిసిన బూట్లు విప్పి, గది వెచ్చబెట్టే రేడియేటర్‌కు పాదాలు ఆనించి కూర్చునేది. పాపం చలికి వణుకుతూ వచ్చింది కదా అని నేనే కుర్చీ అక్కడికి జరిపేదాన్ని. రాత్రి ఏడున్నర, ఎనిమిది అయ్యేసరికి మొదలయ్యేది. చిటికెన వేలు, దాని పక్క రెండు వేళ్లు, రెండు కాళ్లకూ. మొదట మంట, తర్వాత దురద, దుప్పట్లో దూరాక ఇంకా ఎక్కువ. రంగు ఎరుపు అనడం కంటే నేరేడుపండు రంగు అనాలి. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోలు ఎక్కువగా తెల్ల చర్మం మీదవి, అక్కడ ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన చామనఛాయ మీద అదే ఊదాగానో, కమిలినట్టు నల్లగానో ఉంటుంది. ఆ ఫొటోల్లో ఏదీ పాప వేళ్లలా లేక, ఏమిటో తేల్చుకోలేక నేను పది రోజులు పోగొట్టాను.

మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, బాగా వేడినీళ్లలో రాళ్లుప్పు వేసి కాళ్లు పెట్టించమంది. పెట్టించాను. ఆ రాత్రి పాప ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నాకు గుర్తుంది. తర్వాత ఫంగల్ క్రీము, మీలాగే రెండు వారాలు. మార్పేం లేదు.

చివరికి మా వీధి చివరి మందుల షాపులో ఫార్మసిస్టును అడిగాను. ఆవిడ క్రీము పేరు అడగలేదు. "ఏ టైముకు దురద పెడుతుంది?" అని అడిగింది. తర్వాత పాప వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి సందుల్లోకి చూసింది. సందులన్నీ పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. "చిల్‌బ్లెయిన్స్" అంది. ఆ మాట నేను వినడం అదే మొదలు.

అదేమిటంటే, చలికి కాలివేళ్ల చివర ఉండే సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఇది అందరికీ జరిగేదే, కొందరిలో మరీ ఎక్కువ. అలా బిగుసుకున్న వేళ్లను ఒక్కసారిగా వేడి చేస్తే రక్తం ఆ నాళాల్లోకి ఉరికి వస్తుంది, నీరు చుట్టూ ఉన్న కండలోకి ఊరుతుంది. వాపు, మంట, దురద అక్కడివే. మంచు కురిసే చలి ఉండనక్కర్లేదు. సున్నాకు కాస్త పైన, తేమతో కూడిన చలి, అంటే ఇంగ్లండులో డిసెంబరు నుంచి మార్చి దాకా రోజూ ఉండేదే, దీనికి బాగా సరిపోతుంది. ఫ్రాస్ట్‌బైట్ వేరు, అందులో చర్మమే గడ్డకడుతుంది. శ్రీనగర్‌లో చదివిన మా అన్నయ్య కొడుక్కీ మొదటి చలికాలం ఇదే వచ్చిందట. హాస్టల్లో కశ్మీరీ పిల్లలు చూడగానే చెప్పేశారట.

ఇక్కడ తల్లిదండ్రులను తికమక పెట్టే సంగతి ఒకటుంది. చలి తగిలిన వెంటనే ఇది కనిపించదు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి బయటపడుతుంది. పిల్లవాడు వెచ్చటి గదిలో కూర్చున్నప్పుడు దురద మొదలవుతుంది కాబట్టి చలి వల్ల అని మనకు తట్టదు. అందుకే ఫార్మసిస్టు రెండో ప్రశ్న అడిగింది: "పగలంతా పాదాలు ఎక్కడ ఉంటున్నాయి?"

నాకు తెలియదు. స్కూల్లో ఉంటాయి అన్నాను. ఇంటికి వచ్చాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఉదయం నుంచి ఒక్కొక్క గంటా అడిగాను. ఇరవై నిమిషాలు వానలో నడక. పల్చటి నల్ల టైట్స్, తోలు బూట్లు. ఆటల పీరియడ్ తడి గడ్డిలో. ఆ తర్వాత లంచ్. "లంచ్ ఎక్కడ తింటావు?" అంటే కాసేపు మాట్లాడలేదు. క్యాంటీన్‌లో పక్కన కూర్చునే వాళ్లెవరూ లేరట. ఆ గంటసేపు బయట ఆటస్థలం పక్కన బెంచీ మీద ఒక్కతే కూర్చుంటోందట. సెప్టెంబరు నుంచి. నేను కట్టిన డబ్బా సగం తిని సగం పారేస్తోందట, ఖాళీ డబ్బా చూసి తినేస్తోంది అనుకున్నాను.

ఆ వారమే ఒక వేలు మీద చర్మం పగిలి నీరు కారడంతో జీపీ (ఇక్కడ మన ఫ్యామిలీ డాక్టరు) దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన వేళ్లు చూడకముందే బరువు చూశారు. మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గింది. సన్నగా ఉండే పిల్లలకు, సరిగా తినని పిల్లలకు చిల్‌బ్లెయిన్స్ ఎక్కువగా వస్తాయని అప్పుడు చెప్పారు. ఒంట్లో వేడి తగ్గితే శరీరం మొదట చేసేది కాళ్లకు చేతులకు రక్తం తగ్గించడమే. మీ బాబు బరువు ఒకసారి చూడండి. ఎదిగే వయసులో బరువు పెరగకపోయినా పట్టించుకోవాల్సిందే. వీలైతే వేప్ (ఈ-సిగరెట్), సిగరెట్ సంగతి కూడా మెల్లగా, కోప్పడకుండా కనుక్కోండి. నికోటిన్ ఆ సన్నటి నాళాలను ఇంకా బిగిస్తుంది. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకు) మాత్రలు వాడుతుంటే అదీ డాక్టరుకు చెప్పాలి, వాటిలో కొన్నిటి వల్ల వేళ్లకు రక్తం తగ్గుతుంది.

మేము చేసిందంతా చాలా మామూలుది. క్లాసు టీచరుతో మాట్లాడాం, లంచ్ టైములో లైబ్రరీలో కూర్చోనిచ్చారు. బూట్లు అర సైజు పెద్దవి కొన్నాం. ఈ వయసులో పాదం ఎంత త్వరగా పెరుగుతుందంటే, ఆగస్టులో సరిపోయిన బూటు డిసెంబరుకు వేళ్లను నొక్కేస్తుంది. ఫుట్‌బాల్ ఆడితే ఆ బూట్లు కూడా చూడండి, అవి బిగుతుగా వేసుకోవడం మగపిల్లలకు అలవాటు. నూలు సాక్సులు తడిస్తే తడిగానే ఉంటాయి, ఉన్నివి నయం. ఒక జత పొడి సాక్సులు కవర్లో పెట్టి బ్యాగులో వేసేదాన్ని. టోపీ, లోపల థర్మల్ తప్పనిసరి చేశాను, ఒళ్లు వెచ్చగా ఉంటేనే కాళ్లకు రక్తం వస్తుంది. ఇంటికి రాగానే తడి సాక్సులు తీసి, తువ్వాలుతో ఒత్తి తుడిచి, దుప్పటి కప్పడం. అంతే. రేడియేటర్‌కు ఆనించడం, హాట్ వాటర్ బ్యాగ్, వేడినీళ్లు అన్నీ మానేశాం. దురదకు కాలమైన్ లోషన్, మామూలు మాయిశ్చరైజర్. గోళ్లు పొట్టిగా కత్తిరించాను, గోకితే పుండు పడి చీము పడుతుందని. సుమారు మూడు వారాల్లో తగ్గింది. సాధారణంగా రెండు మూడు వారాలే పడుతుందట, మళ్లీ చలి తగలనివ్వకపోతే.

మరుసటి నవంబరులో మళ్లీ కొద్దిగా వచ్చింది. అప్పుడు రక్తపరీక్షలు చేశారు. కీళ్ల నొప్పులు ఉన్నాయా, నోట్లో పుండ్లు పడుతున్నాయా, ఎండకు ముఖం మీద దద్దు వస్తుందా అని అడిగారు. అరుదుగా లూపస్ అనే జబ్బు కూడా ఇలాగే కాలివేళ్లతో మొదలవుతుందట, ముఖ్యంగా ఎండాకాలం వచ్చినా తగ్గకపోతే. మా పాపకు అన్నీ నార్మల్. ప్రతి ఏడూ తీవ్రంగా వచ్చేవాళ్లకు రక్తనాళాలను వదులు చేసే నిఫెడిపిన్ అనే బీపీ మాత్ర ఇస్తారని, మాకు అక్కర్లేదని చెప్పారు.

ఇప్పుడు మీ ట్యూబు సంగతి. మనవాళ్లు సూట్‌కేసులో తెచ్చుకునే ఆ ట్యూబుల్లో చాలావాటిలో మూడు మందులు కలిసి ఉంటాయి: ఫంగస్‌కు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి, వాటితో పాటు ఘాటైన స్టెరాయిడ్. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, అందుకే అందరికీ దాని మీద నమ్మకం. నిజంగా ఫంగస్ అయితే అది లోపల పాకుతూనే ఉంటుంది, పైగా రూపు మారిపోయి డాక్టరు కూడా పోల్చుకోలేడు. చర్మం పల్చబడుతుంది. మా బంధువుల అబ్బాయికి వేళ్ల సందుల్లో మొదలైంది ఇలాంటి ట్యూబుతో చీలమండ దాకా వచ్చింది. ఇప్పటికే ఒకటి రెండుసార్లు రాసి ఉంటే కంగారుపడకండి, కానీ ఆ డబ్బా డాక్టరుకు చూపించండి.

అసలు ఫంగస్ అయితే సాధారణంగా చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య సందులో మొదలవుతుంది. నానిపోయినట్టు తెల్లగా ఉంటుంది, పొర లేస్తుంది, వాసన వస్తుంది. దురద కూడా ఉంటుంది. వేళ్ల పైభాగం వాచి, సందులు శుభ్రంగా ఉంటే నేనైతే ఫంగస్ అనుకోను. మీరు క్రీము రాసినా తగ్గకపోవడానికి అది కారణం కావచ్చు.

మిగతావి త్వరగా చెప్తాను. వేళ్ల పైన, బూటు తోలు తగిలే చోటే దద్దు ఉంటే బూటు జిగురో, రబ్బరో, తోలు పదును పెట్టే క్రోమియమో పడకపోవచ్చు. బూట్లు మార్చి చూస్తే తెలుస్తుంది. వేళ్ల పక్కల సగ్గుబియ్యం గింజల్లాంటి నీటి పొక్కులు వస్తే అది ఒక రకం ఎగ్జిమా. బొటనవేలు ఒక్కటే, గోరు పక్కన వాచి ముట్టుకోనివ్వకపోతే గోరు కండలోకి దిగి ఉంటుంది. ఈ వయసులో ఇది చాలా మందికి వస్తుంది, గోరు మూలలు గుండ్రంగా లోతుగా కత్తిరించడం వల్ల. ఒక వేలు మొత్తం మొదలు నుంచి చివరి దాకా ఉబ్బి, పొద్దున్నే బిగుసుకుపోతుంటే కీళ్ల జబ్బు ఏమో చూడాలి. రాత్రి దురద ఇంట్లో అందరికీ, చేతివేళ్ల సందుల్లో కూడా ఉంటే గజ్జి. చల్లదనంతో హాయిగా, వేడికి మంటగా ఉండే అరుదైన జబ్బూ ఒకటుంది, దాని పేరు ఎరిత్రోమెలాల్జియా.

షుగర్ ఇలా కాలివేళ్ల దురదతో మొదలవదండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి. కోవిడ్ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2020 వసంతంలో స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్‌లలో పెద్ద జబ్బేమీ లేని టీనేజీ పిల్లలకు ఇలాంటి వేళ్లు కనిపించాయి, "కోవిడ్ టోస్" అని పేరు పెట్టారు. కానీ వాళ్లలో చాలా మందికి పరీక్ష నెగెటివ్ వచ్చింది. వైరస్ వల్లనా, లాక్‌డౌన్‌లో ఇంట్లో ఒట్టి కాళ్లతో కదలకుండా కూర్చోవడం వల్లనా అని డాక్టర్ల మధ్యే వాదన నడిచింది. ఎలా చూసినా ఆ వేళ్లలో ఎక్కువ శాతం వాటంతట అవే తగ్గాయి.

ఆగకుండా వెళ్లాల్సినవి చెప్తాను: ఒక కాలే వాచి, వేడిగా, ఎరుపు గంట గంటకూ పైకి పాకుతుంటే, జ్వరం ఉంటే, చీము వస్తుంటే, వేలు తెల్లగానో నల్లగానో మారి స్పర్శ పోతే. రాత్రి అయినా 111కు, అంటే ఇక్కడి వైద్య సలహా నంబరుకు, ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోతే రేపు ఫార్మసిస్టుకు చూపించి, జీపీ అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఈ రాత్రి మీరు రెండు పనులు చేయండి. వాడు పడుకునే ముందు వేళ్ల సందులు లైటు వేసి చూడండి. రెండోది, రేపటి నుంచి వారం పాటు దురద మొదలైన టైము, ఆ రోజు వాడు ఎక్కడెక్కడ తిరిగాడో క్యాలెండర్ మీద రాయండి. లంచ్ ఎక్కడ, ఎవరితో తింటున్నాడో కూడా అడగండి. వాడేం చెప్పాడో, సందులు ఎలా ఉన్నాయో ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.