వేలాడే చర్మం తీయించుకుంటే బీమా వర్తించదా?

ప్రశ్న: నా వయసు 38. మూడేళ్ల కిందట బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే ఆపరేషన్) చేయించుకుని 58 కిలోలు తగ్గాను. ఇప్పుడు పొట్ట చర్మం సంచిలా కిందికి జారిపోయింది. మడతల్లో చెమట పట్టి, ఒరుసుకుని పుండ్లు పడుతున్నాయి. మందు రాస్తే తగ్గి మళ్లీ వస్తున్నాయి. ఆ చర్మం తీసేయాలని, పనిలో పనిగా చేతుల కింద వేలాడేది కూడా తీసేస్తానని డాక్టర్ అన్నారు. క్యాష్‌లెస్‌కి పంపితే ‘ఇది అందం కోసం చేసే సర్జరీ’ అని బీమా కంపెనీ కాదంది. మొదటి సర్జరీకి డబ్బిచ్చినవాళ్లే దీనికి ఇవ్వమంటే ఎలా? కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు, కానీ ఇప్పుడే కాదు. మీరు జత చేసిన కాగితం ముందు చూద్దాం. ఆస్పత్రి నుంచి కంపెనీకి వెళ్లిన ఫారంలో జబ్బు వివరాలు రాసే గడిలో ఒక్కటే వాక్యం ఉంది: ‘బరువు తగ్గాక చర్మం వదులైంది, పేషెంట్ టమ్మీ టక్ కోరుతున్నారు.’ టమ్మీ టక్ అంటే పొట్టకు ఆకృతి తెచ్చే సర్జరీ. పుండ్ల మాట లేదు, వాడిన మందుల ఊసు లేదు. ‘కోరుతున్నారు’ అన్న ఒక్క మాట చాలు, ఫైలు పక్కన పడేయడానికి. ఇందులో తప్పంతా కంపెనీదే అనలేను.

ఆరోగ్య బీమాలో ఇలాంటి మినహాయింపుల (కంపెనీ డబ్బివ్వని సందర్భాల) భాషను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీలకూ ఒకే మూసలోకి తెచ్చింది. మీ పాలసీ తీసి 06, 08 నంబర్ల మినహాయింపులు చూడండి. 06 ఊబకాయం సర్జరీది. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచీ) 40 లేదా ఆపైన ఉన్నవారికి, 35 లేదా ఆపైన ఉండి అదుపులో లేని షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) వంటివి ఉన్నవారికి అందులో సడలింపు ఉంది. మీకు అప్పుడు డబ్బొచ్చింది ఆ దారిలోనే. ‘అప్పుడిచ్చారు కాబట్టి ఇప్పుడూ ఇవ్వాలి’ అన్న వాదన మాత్రం నిలవదు. ఇది వేరే ఆపరేషన్, దీనికి వర్తించే నిబంధన వేరు.

ఆ నిబంధనే 08. అందం కోసం చేసే సర్జరీకి, ప్లాస్టిక్ సర్జరీకి ఇవ్వం అని మొదలవుతుంది. కంపెనీ మీకు రాసిన లేఖలో అంతవరకే ఉంది. కానీ వాక్యం అక్కడ ఆగదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఈ మినహాయింపు వర్తించదు. ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించే వైద్య అవసరమైతే దానికి కూడా వర్తించదు. ఆ అవసరం ఉందని చికిత్స చేస్తున్న డాక్టర్ ధ్రువీకరించాలి. మీకు పనికొచ్చేది ఈ రెండో సగమే.

చిక్కల్లా ‘తక్షణంగా’ అన్న మాటతోనే. క్రీము రాస్తే తగ్గే దద్దుర్లకు ఆపరేషన్ ఎందుకని కంపెనీ అడుగుతుంది. దానికి జవాబు రికార్డులే చెప్పాలి. చర్మ వైద్యుడి చీటీలన్నీ తేదీల వరసలో పెట్టండి. యాంటీబయాటిక్స్ ఎన్నిసార్లు వాడారో, బరువు ఎన్ని నెలలుగా నిలకడగా ఉందో కాగితం మీదికి రావాలి. ఫొటోలు తీయించుకోవడానికి మొహమాటపడకండి. మడత ఎత్తి పట్టుకుని, కింద పచ్చిగా ఉన్న చోటు కనపడేలా, తేదీతో ఉండాలి. ఇదంతా ఆపరేషన్‌కు ముందే జరగాలి. చర్మం కోసేశాక చూపించడానికి ఏమీ మిగలదు. డాక్టర్‌ను తాను చూసింది చూసినట్టు రాయమనండి, లేనిది రాయించొద్దు. అబద్ధమని తేలితే క్లెయిమ్‌తో పాటు పాలసీ కూడా పోయే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ పేరు కూడా ముఖ్యమే. వేలాడే చర్మాన్ని, కొవ్వును మాత్రమే కోసి తీసేస్తే పానిక్యులెక్టమీ. కండరాలు బిగించి, బొడ్డు సరిచేసి పొట్టకు ఆకృతి తెస్తే అబ్డామినోప్లాస్టీ, అంటే టమ్మీ టక్. మీకు చేసేది మొదటిదైతే ఫారంలో ఆ పేరే ఉండాలి. చేతుల విషయంలో నాకు పెద్దగా ఆశ లేదు. అక్కడ పుండ్లున్నట్టు మీరు రాయలేదు. ఆ ఖర్చు మీదే అనుకుని బిల్లు విడిగా వేయించుకోండి. కలిపేస్తే పొట్ట క్లెయిమ్ కూడా చెడుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. సమ్మతి పత్రంలో పొట్టకు, చేతులకు విడివిడిగా రాయించి సంతకం పెట్టండి. ఒక ప్రొసీజర్‌కు ఇచ్చిన సమ్మతితో, ప్రాణం మీదికొస్తే తప్ప, ఇంకోటి చేయకూడదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది.

ఇక దారి. క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. కొత్త కాగితాలతో మళ్లీ పంపించండి. అప్పటికీ కాదంటే మీ డబ్బుతో ఆపరేషన్ చేయించుకుని రీయింబర్స్‌మెంట్ (ఖర్చు తిరిగి ఇవ్వమని) అడగండి. తిరస్కరిస్తే ఏ నిబంధన కింద, ఎందుకో రాతపూర్వకంగా తీసుకుని, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. దానికి గడువు ఏడాది, పరిమితి 50 లక్షల రూపాయలు. ఫీజు లేదు, మా వకీళ్లకు అక్కడ పనీ లేదు. తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే.

అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వేయాలి. అయితే కమిషన్‌లో కేసు నడుస్తుండగా అదే విషయం మీద అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు, అందుకే ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సిన భారం కమిషన్‌లో కంపెనీదే. ఆ పాత ఫారం మీద మాత్రం వాళ్లు మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. కొత్త ధ్రువీకరణలో ‘మొదట పంపిన వివరాలు అసంపూర్ణం’ అని డాక్టర్ చేతనే ఒక వాక్యం రాయించుకోండి.