పళ్లెంలో ఎడమ సగం

పర్లాకిమిడి,
ఆదివారం.

అమ్మాయికి ఆశీస్సులు.

చైతన్యం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను, ఒకసారి టీ తాగుతూ, ఇంకోసారి పెన్సిలు పట్టుకుని. "మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అని చివర రాశావు. సరే, చెబుతున్నాను.

మొదటి పేజీలో ఉపనిషత్తు, రెండో పేజీలో క్వాంటం సిద్ధాంతం. మూడో పేజీకల్లా రెండూ ఒకటేనని తేల్చేశావు. ఏమిటమ్మా అంత తొందర? 1998లో క్రిస్టాఫ్ కాక్ అనే మెదడు శాస్త్రవేత్త, డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్తతో పందెం కాశాడు. మన అనుభవానికి మెదడులో ఉన్న ఆధారమేమిటో పాతికేళ్లలో స్పష్టంగా దొరుకుతుందని ఆయన ధీమా. 2023లో న్యూయార్క్ సభలో అందరి ముందూ ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు సమర్పించుకున్నాడు. జీవితమంతా ఇదే పని చేసినవాడు పాతికేళ్లకు ఓడిపోయిన చోట, నువ్వు మూడు పేజీల్లో గెలిచేశావు!

నీ అసలు వ్యాసం తొమ్మిదో పేజీలో ఉంది. ఒకే ఒక్క వాక్యం. "పక్షవాతం వచ్చాక తాతయ్య పళ్లెంలో సగం అన్నమే తింటున్నారు." అది రాసేసి మళ్లీ విశ్వచైతన్యంలోకి వెళ్లిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మొన్న ఫోన్ చేసింది అందుకే. నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పావు: కుడివైపు అన్నం శుభ్రంగా తినేసి, ఎడమవైపు వంకాయకూర అలాగే ఉండగా, "కూర వెయ్యలేదేం?" అని మామ్మ మీద కేకలేస్తారని. ఆవిడ మారు మాట్లాడకుండా పళ్లెం తిప్పుతుందనీ, ఆయన మళ్లీ తినడం మొదలుపెడతారనీ.

ఇది వదిలేసి ఎక్కడికి పోయావమ్మా?

తాతయ్య కళ్లకేమీ కాలేదని డాక్టరు చెప్పారన్నావు. మెదడు కుడిభాగం దెబ్బతిన్నప్పుడు కొందరికి ఇలా జరుగుతుంది. ఎడమవైపు చూపు పోయినవాడికి మామూలుగా పోయిందని తెలుస్తుంది, తల తిప్పి చూసుకుంటాడు. వీళ్లకు అటు ఒక వైపు ఉందన్న ధ్యాసే ఉండదు. లేనిదాని కోసం తల ఎవరు తిప్పుతారు?

1978లో ఇటలీ శాస్త్రవేత్తలు ఇద్దరు ఇలాంటి రోగుల్ని ఒక ప్రశ్న అడిగారు. "మిలాన్ ఊరి నడిబొడ్డున చర్చి ముందు చౌక్ ఉంది కదా, దానికి ఒక చివర నిలబడ్డట్టు ఊహించుకుని, ఏమేం కనిపిస్తున్నాయో చెప్పండి" అన్నారు. వాళ్లు కుడివైపున్న భవనాలే చెప్పారు. "ఇప్పుడు అవతలి చివర నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించుకోండి" అన్నారు. ఈసారి ఇందాక వదిలేసినవన్నీ చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు. అంటే జ్ఞాపకంలో అన్నీ భద్రంగానే ఉన్నాయి. మనసులో చూసుకునే బొమ్మకు మాత్రం ఎడమ సగం లేదు. నాలుగేళ్ల కిందట మొదటిసారి ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ తాతయ్య నలభై ఏళ్లు గుణుపురం బజార్లో కొట్టు నడిపారు. ఆయనకు ఓపిక ఉన్నరోజు, విసిగించకుండా, "తాతా, మన వీధి మొదట్లో నిలబడితే ఏ ఏ కొట్లు కనిపిస్తాయి?" అని అడిగి చూడు. తరవాత వీధి చివర నిలబెట్టి అడుగు. మిలాన్‌లోలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వను. ఏం జరిగితే అది రాసుకో.

ఉపనిషత్తులు వద్దని కాదు. మాండూక్యం చిన్నది, పన్నెండే మంత్రాలు. మెలకువ, కల, గాఢనిద్ర, వాటికి అవతల నాలుగోది. "హాయిగా నిద్రపోయాను, నాకేమీ తెలియలేదు" అని లేచినవాడు అంటాడు కదా, ఏమీ తెలియలేదని తెలిసిందెవరికి, నిద్రలోనూ సాక్షి ఒకడు ఉండాలి అంటారు వేదాంతులు. లేచాక ఊహించి చెబుతున్నాడంతే అని నైయాయికుల, అంటే తర్కాన్ని నమ్ముకున్న న్యాయదర్శనం వాళ్ల, జవాబు. ఈ తగువు నాకు పుస్తకంలో ఉన్నంతకాలం ముద్దుగానే ఉండేది. తరవాత బరంపురంలో హెర్నియా ఆపరేషన్ అయింది. మత్తు ఇచ్చే డాక్టరు "మీదే ఊరు?" అన్నాడు. "పర్లా" వరకు అన్నాను. ఆ వెంటనే నర్సు "ఉఠన్తు, సరిగలా" అంటోంది. లేవండి, అయిపోయింది అని. మధ్యలో రెండు గంటలు. నిద్రలేస్తే కాసేపు పడుకున్నామన్న భావనైనా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. హాయిగా ఉందని కూడా అనలేను, హాయి పడ్డవాడెవడూ లేడు. ఆ మంచం మీద నేను నైయాయికుల్లో కలిసిపోయాను. ఇంటికొచ్చాక మళ్లీ అనుమానం మొదలైందనుకో, అది వేరే సంగతి. 1846లో బోస్టన్‌లో ఈథర్‌తో మత్తిచ్చి అందరి ముందూ ఆపరేషన్ చేశారు. అప్పటినుంచీ మత్తు ఇస్తూనే ఉన్నారు. స్పృహ సరిగ్గా ఎలా ఆరిపోతుందో మాత్రం ఈనాటికీ పూర్తిగా తేలలేదు.

దేహం తప్ప వేరే ఆత్మ లేదనే చార్వాకుల్ని నువ్వు ఒక్క ముక్కతో కొట్టిపారేశావు. అది నాకు నచ్చలేదు. పిండీ బెల్లమూ విడిగా ఉంటే మత్తు ఉండదు, కలిసి పులిస్తే పుడుతుంది, దేహంలో తెలివి కూడా అంతే అన్నారు వాళ్లు. పొద్దున్న తియ్యగా ఉన్న జీలుగు కల్లు మధ్యాహ్నానికి ఏమవుతుందో మీ కొండవైపు వాళ్లకు ఒకరు చెప్పాలా? ఎంత దగ్గరి పోలికో చూడు. నాకున్న పేచీ ఒక్కటే: మత్తు కుండకు ఎక్కదు, తాగినవాడికి ఎక్కుతుంది. ఆ తాగినవాడి సంగతే కదా మనం తేల్చాల్సింది. కొట్టిపారేసేముందు ఆ మాటైనా అనాల్సింది.

ఇక మాటలు. "చైతన్యం" నలభై ఒక్కసార్లు వాడావు, లెక్కపెట్టాను. అన్నిచోట్లా ఒకే అర్థంలో కాదు. తెలివి తప్పి పడిపోయింది అంటాం. మెలకువ వచ్చింది అంటాం. ఒంటిమీద స్పృహ లేదు, అటు ధ్యాస పోలేదు, నాకు ఎరుకే అంటాం. మన ఇళ్లలో ఆడవాళ్లు ఈ మాటల్ని ఎప్పుడూ తారుమారు చెయ్యరు. తాతయ్యకు తెలివి ఉంది, మెలకువ ఉంది, స్పృహ ఉంది. లేనిది ఒకవైపు ధ్యాస. చూశావా, సగం విషయం మాటలోనే విడిపోయింది. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ సవరలు మాట్లాడుతుంటే విని వాళ్ల భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు రాశారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటమే అందరికీ గుర్తు. ఆ విన్న చెవులు గుర్తు పెట్టుకునేవాళ్లు తక్కువ.

"ఎంత ఆశ్చర్యం!" అని ఆరుచోట్ల రాశావు. అన్నీ కొట్టేశాను. పాఠకుడి చేత ఒక పని చేయించు. ఎడమ కన్ను మూసుకుని, రెండు బొటనవేళ్లూ పక్కపక్కన చేయి చాచి పట్టుకోమను. చూపు ఎడమ వేలి మీదే ఉంచి, కుడి వేలిని మెల్లగా కుడివైపు జరపమను. జానెడు లోపే ఒకచోట దాని కొస మాయమవుతుంది. కంటి నరం బయటికి పోయే చోట చూసే కణాలు లేవు. పుట్టినప్పటినుంచీ అక్కడ కంత ఉంది, మనమెవరమూ గమనించలేదు. ఇది చేశాక పాఠకుడు మీ తాతయ్యను చూసి జాలిపడి ఊరుకోడు.

మళ్లీ రాసేటప్పుడు తొమ్మిదో పేజీ నుంచి మొదలుపెట్టు. మామ్మ పళ్లెం తిప్పగానే కూర కనిపిస్తుంది కదా, అప్పుడు తాతయ్య ఏమంటారు? ఇప్పుడే వడ్డించావా అంటారా, సిగ్గుపడతారా, ఏమీ అనకుండా కలుపుకుంటారా? ఆ సంగతి నువ్వు ఫోన్లో చెప్పలేదు, నేనూ అడగడం మరిచాను. రెండు మూడు రోజులు పక్కన కూర్చుని చూసి రాయి.

నీ
మాస్టారు