ఇంట్లో తక్కువ శబ్దంతో గిటార్ ట్యూబ్ యాంప్ టోన్ రాబట్టడం ఎలా?
ఫెండర్ డీలక్స్ రివర్బ్ లాంటి 22 వాట్ల ట్యూబ్ యాంప్‌ను (గాజు వాక్యూమ్ ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెను) ఇంట్లో వాల్యూమ్ 2 దగ్గర పెడితే టోన్ పలచగా, ప్రాణం లేనట్టు ఎందుకుంటుందని అడిగారు. లోపం మీ యాంప్‌లో లేదు. ఆ చిక్కదనం చాలావరకు పవర్ ట్యూబులు (స్పీకరును నడిపే చివరి ట్యూబులు), స్పీకరు గట్టిగా పనిచేసినప్పుడే పుడుతుంది. పైగా శబ్దం తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ను, ట్రెబుల్‌ను తక్కువగా పట్టుకుంటుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు దీన్ని కొలిచి చూపారు.

తక్కువ వాట్ల యాంప్ కొనడానికి తొందరపడకండి. శక్తి సగమైతే తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి శబ్దం సగమైనట్టు తోచాలంటే శక్తిని దాదాపు పదో వంతుకు దించాలి. 22 వాట్ల బదులు 2 వాట్లు పెట్టినా వాల్యూమ్ పూర్తిగా పెంచి వాయిస్తే పక్కింటికి వినిపిస్తుంది.

నేనైతే ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్ (తక్కువ శబ్దంలోనూ టోన్‌ను చిక్కగా చేసే, కాలితో నొక్కే చిన్న పెట్టె) పెడతాను. దాని డ్రైవ్ మీట సగం వరకు తిప్పి, పెడల్ ఆపినా వేసినా శబ్దం ఒకేలా ఉండేట్టు లెవెల్ సరిచేస్తాను. తర్వాత యాంప్‌ను కుర్చీ మీంచి దించి గది మూలన నేల మీద పెట్టి చూడండి, బేస్ నిండుగా వస్తుంది.

పవర్ ట్యూబుల రుచే కావాలంటే యాంప్‌కూ స్పీకరుకూ మధ్య అటెన్యుయేటర్ (యాంప్ శక్తిలో కొంత తానే పీల్చుకుని స్పీకరుకు తక్కువ పంపే పెట్టె) కలపండి. దాని ఓమ్‌లు (విద్యుత్ నిరోధం కొలత) యాంప్‌కు సరిపోవాలి, డీలక్స్ రివర్బ్‌కైతే 8. మరీ ఎక్కువగా తగ్గిస్తే మళ్లీ పలచబడుతుంది. స్పీకరు తీగ ఊడదీసి మాత్రం యాంప్‌ను ఎప్పుడూ వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.