కీ తిరగకపోతే బలం వాడకండి

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల. బండల పాలిష్ యూనిట్ ఉంది. నా 2011 మోడల్ కారులో ఇగ్నిషన్ కీ ఒక్కోసారి తిరగదు. ఎక్కువగా పొద్దున ఇంటి దగ్గరే ఈ తంటా. ఇంటిముందు వాలు కాబట్టి టైరును గట్టుకు ఆనించి పెడతాను. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. లాక్ సెట్ మొత్తం మార్చాలంటున్నారు. తప్పదా?

జవాబు: అప్పుడే డబ్బు తీయకండన్నా. జబ్బు సగం మీ ఉత్తరంలోనే ఉంది. టైరు గట్టుకు ఒత్తుకుని ఉంటే ఆ బరువంతా స్టీరింగ్ మీద పడుతుంది. కీ తీశాక స్టీరింగ్‌ను పట్టి ఉంచే ఇనుప పిన్ను ఒకటి ఉంటుంది. అది ఆ ఒత్తిడికి బిగుసుకుపోయి కీని తిరగనివ్వదు. స్టీరింగ్‌ను అటూ ఇటూ కదిపి చూడండి. ఒక పక్కకు గట్టిగా ఉంటుంది, రెండో పక్కకు కాస్త లొంగుతుంది. లొంగే వైపు పట్టి ఉంచి, కీని మెల్లగా తిప్పండి. టక్కుమని వదిలేస్తుంది. రాత్రి పెట్టేటప్పుడు చక్రాలు నేరుగా ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, టైరుకు పల్లం వైపు ఒక రాయి పెట్టుకోండి. మీకు రాళ్లకేం కొదవ!

అలా చేసినా తిరగకపోతే రెండో కీ పెట్టి చూడండి. లాక్ లోపల స్ప్రింగుల మీద చిన్న ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి. కీ గాట్లు వాటిని సరిగ్గా ఒకే మట్టానికి తెస్తేనే బ్యారెల్, అంటే కీ దూరి తిరిగే గొట్టం, తిరుగుతుంది. రోజూ వాడే కీని వెలుతురులో పట్టి చూస్తే గాట్ల అంచులు నున్నగా అరిగి కనిపిస్తాయి. రెండో కీతో బాగుంటే తప్పు కీదే, లాక్‌ది కాదు. డూప్లికేట్‌ను అరిగిన కీ నుంచి మాత్రం కోయించకండి, ఆ అరుగుదల కూడా దిగిపోతుంది. కీలో చిప్ ఉన్న మోడలైతే దాన్ని కూడా ప్రోగ్రాం చేయించాలి. లేకుంటే కీ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం పలకదు.

ఇక ఆ కొబ్బరినూనె. మీ వైపు నుంచి వచ్చే బండ్ల డోరు తీస్తేనే బండపొడి రాలుతుంది. నూనెకు ఆ పొడి అంటుకుంటే ముద్ద కట్టి రేకులను పట్టేస్తుంది. అందుకే కొన్నాళ్ల సంబరమే. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ప్లాస్టిక్‌కు పడే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, కీని లోపలికీ బయటికీ ఆడించి, వచ్చిన మురికిని గుడ్డతో తుడవండి. పూర్తిగా ఆరాకే గ్రాఫైట్ పొడి కొంచెం వేయండి. దొరక్కపోతే మెత్తటి పెన్సిల్‌ను కీ గాట్లకు రుద్దినా కొంత పని జరుగుతుంది. యూనిట్ షట్టర్ బీగాలన్నీ కారు కీ గుత్తికే వేలాడుతుంటే ఈ రోజే వేరు చేయండి. ఆ బరువు లాక్‌ను అరగదీస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. స్టార్ట్ చేసి వదిలాక కీ తనంతట తాను వెనక్కి రావాలి. రాకుండా అక్కడే నిలిచిపోతే స్టార్టర్ మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. అలాంటప్పుడు వెంటనే షెడ్డుకు తేవాల్సిందే. అప్పుడైనా బ్యారెల్ ఒక్కటే మార్చవచ్చేమో ముందు అడగండి. డోర్లకు ఒక కీ, స్టార్టింగ్‌కు ఒక కీ అవుతుంది, అంతే. అది మీకు ఇబ్బంది అనిపిస్తేనే సెట్ మొత్తం మాట.