కొత్త బ్యాటరీ వేసినా స్టార్ట్ కాని పాత మారుతి

ప్రశ్న: మా నాన్నగారు 1996లో కొన్న మారుతి 800 కారు, కార్బురేటర్ మోడల్, ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. వానాకాలమంతా షెడ్డులోంచి బయటికి తీయలేదు. ఇప్పుడు తాళం తిప్పితే డాష్‌బోర్డు దీపాలు వెలుగుతున్నాయి, ‘టక్’మని ఒక్క చప్పుడు వస్తోంది, ఇంజను మాత్రం తిరగడం లేదు. మెకానిక్ చెప్పినట్టు కొత్త బ్యాటరీ వేయించినా ఫలితం లేదు. ఇప్పుడు సెల్ఫ్ మోటారు మార్చాలంటున్నారు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అప్పుడే మార్పించకండి. ఆ ‘టక్’ చప్పుడు సెల్ఫ్ మోటారుపై ఉండే సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) పనిచేసినప్పుడు వచ్చేది. అంటే తాళం, దాని తీగలు తమ పని తాము చేస్తున్నాయి. సోలినాయిడ్‌కు కొద్దిపాటి కరెంటు చాలు. ఇంజనును తిప్పాల్సిన మోటారుకు మాత్రం వంద ఆంపియర్ల దరిదాపుల్లో కావాలి. డాష్‌బోర్డు దీపాలను వెలిగించగలిగిన కనెక్షనే అంత కరెంటును మోయలేక చతికిలపడవచ్చు. నెలల తరబడి తేమలో నిలిచిపోయిన బండిలో నేను ముందుగా అనుమానించేది బ్యాటరీ టర్మినళ్లను, వాటికంటే ఎక్కువగా నెగటివ్ వైపు నుంచి బాడీకీ గేర్‌బాక్సుకూ వెళ్లే మందపాటి ఎర్త్ తీగలను. బోల్టు బిగువుగానే కనిపిస్తుంది కానీ దాని కింద తుప్పు పేరుకుని ఉంటుంది. కొత్త బ్యాటరీని పాత తుప్పు మీదే బిగిస్తే మార్పు ఎలా వస్తుంది?

దీన్ని ఊహతో కాక కొలిచి తేల్చుకోవచ్చు. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంకొకరిని తాళం తిప్పమని చెప్పండి. మల్టీమీటరు (వోల్టేజి కొలిచే పరికరం) తీగలలో ఒకదాన్ని బ్యాటరీ నెగటివ్ సీసపు మొనకు (క్లాంపుకు కాదు), రెండోదాన్ని ఇంజనుపై రంగు, జిడ్డు లేని లోహానికి ఆనించండి. తాళం తిప్పిన క్షణంలో అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ దారిలోనే అడ్డంకి ఉంది. మీటరు లేకపోతే మందపాటి జంపర్ తీగ ఒకటి తీసుకుని బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజను లోహానికి తగిలించి ప్రయత్నించండి. ఇంజను చురుగ్గా తిరిగిందంటే దోషం దొరికినట్టే; బండిలోని ఎర్త్ తీగ చివరలను విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, తిరిగి బిగించుకుంటే సరిపోతుంది. తీగ లోపలే పాడైపోయి ఉంటే కొత్తది వేయించండి.

కొత్త బ్యాటరీయైనా చార్జి లేకుండా అమ్ముడుపోయి ఉండవచ్చు గనుక దాన్నీ ఒకసారి చూడండి. కదలిక లేనప్పుడు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సుమారు సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండి, మోటారు దగ్గరి పెద్ద బోల్టు వరకు నిండు వోల్టేజి చేరుతున్నా అది తిరగకపోతేనే దాన్ని దింపించండి. అప్పుడు కూడా ముందుగా ఆటో ఎలక్ట్రీషియన్ చేత విప్పించి, కార్బన్ బ్రష్‌లు అరిగాయేమో చూపించండి. చాలాసార్లు వాటిని మారిస్తే చాలు, మోటారు మొత్తం కొననవసరం లేదు.

ఇంజను తిరగడం మొదలయ్యాక కూడా వెంటనే అంటుకోకపోవచ్చు. అప్పుడు స్పార్క్ ఉందా, పెట్రోలు అందుతోందా అని రెండే ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. ఒక ప్లగ్గు విప్పి, దాని తీగకు తగిలించి, ప్లగ్గు లోహాన్ని ఇంజనుకు గట్టిగా ఆనించి సెల్ఫ్ కొట్టిస్తే నీలిరంగు నిప్పురవ్వ స్పష్టంగా కనబడాలి. ఈ పని చేసేటప్పుడు దగ్గరలో పెట్రోలు తడి ఉండకూడదు. రవ్వ అసలు లేకపోతే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత తీసి లోపలి రోటర్‌ను గమనించండి. ఈ ఇంజనులో రోటర్‌ను తిప్పేది క్యామ్‌షాఫ్ట్, దాన్ని తిప్పేది టైమింగ్ బెల్టు కాబట్టి, సెల్ఫ్ కొట్టినా రోటర్ కదలకపోతే ఆ బెల్టు తెగిందని అర్థం, ఇక ఇంట్లో చేయగలిగింది లేదు. రోటర్ తిరుగుతూ ఉంటే కాయిల్ (రవ్వకు కావలసిన అధిక వోల్టేజి ఇచ్చేది), మూతలోని పగుళ్లు, ఎలుకలు కొరికిన తీగలు చూడాలి.

పెట్రోలు సంగతికి వస్తే, ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజను ఆపి ఉండగానే థ్రాటిల్‌ను (యాక్సిలరేటర్‌తో కదిలే మీటను) చేత్తో లాగితే కార్బురేటర్ గొంతులోకి సన్నని ధార చిమ్మాలి. అది రాకపోతే కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె ఎండిపోయి ఉంటుంది; పది సెకన్లు మించకుండా సెల్ఫ్ కొట్టి, అర నిమిషం విరామమిచ్చి మళ్లీ కొట్టండి. అప్పటికీ రాకపోతే ఫిల్టరును, పంపును, పగిలిన గొట్టాలను వెదకాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. పైగా మీ కారు రబ్బరు గొట్టాలు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. నిలవ పెట్రోలును తీసేయించి తాజాది పోయించుకోండి. ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా వినకండి: కార్బురేటర్‌లో పెట్రోలు పోస్తూ సెల్ఫ్ కొట్టడం. ఇంజను వెనక్కి మంట కక్కితే చేతులూ ముఖమూ కాలుతాయి.

ప్రశ్న: నా ప్రీమియర్ పద్మిని ఉదయం ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. ఎండలో తిరిగి వచ్చి పది నిమిషాలు ఆపితే మాత్రం మళ్లీ అంటుకోదు. కార్బురేటర్ మార్చమంటున్నారు.
– ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: మొరాయించిన ఆ సమయంలోనే పరీక్షించాలి, చల్లారాక చూస్తే అంతా బాగానే కనబడుతుంది. ముందుగా యాక్సిలరేటర్‌ను అడుగంటా నొక్కి పట్టుకుని, మాటిమాటికీ తొక్కకుండా సెల్ఫ్ కొట్టండి. దానికి అంటుకుంటే వేడికి పెట్రోలు పొంగి ఎక్కువైందన్నమాట. అంటుకోకపోతే ఇంజను పక్కనున్న పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలు ఆగండి. అప్పుడు స్టార్టయితే గొట్టంలో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతోందని తెలుస్తుంది, గొట్టాన్ని సైలెన్సర్ వేడికి దూరంగా జరిపించాలి. రెండూ కాకపోతే ఆ వేడిమీదే ప్లగ్గు విప్పి రవ్వ చూడండి. వేడెక్కినప్పుడు రవ్వ సన్నగిల్లితే కాయిల్‌ను అనుమానించాలి. కార్బురేటర్ జోలికి వెళ్లేది ఆ తరువాతే.